చరిత్ర పాఠం మర్చిపోకుండా చదవడం ఎలా? మొదటి చదువు నుంచి పరీక్షలో జవాబు దాకా

“పాఠం మూడుసార్లు చదివాను. పుస్తకం మూస్తే ఒక్కటీ గుర్తు రావట్లేదు.” చరిత్ర విషయంలో ఎక్కువగా వినపడే ఫిర్యాదు ఇదే. అసలు చిక్కంతా ఆ మూడుసార్లు చదవడంలోనే ఉంది. రెండోసారి చదివేటప్పటికి వాక్యాలు తెలిసినవిలా అనిపిస్తాయి. అలా అనిపించగానే పాఠం వచ్చేసిందనుకుంటాం. చూసి గుర్తుపట్టడం వేరు, చూడకుండా గుర్తు తెచ్చుకోవడం వేరు. పరీక్షలో పనికొచ్చేది రెండోదే.

ఇంకో చిక్కు సంవత్సరాలతో మొదలుపెట్టడం. కనపడిన ప్రతి సంవత్సరం కిందా గీత గీసి బట్టీ పడతారు. నిజానికి అది ఆఖరి పని. ఏది ముందు, ఏది తర్వాత అన్న వరుస మొదట రావాలి. అది ఎందుకు జరిగిందన్న కారణం ఆ తర్వాత. ఆ రెండూ కుదిరాక సంవత్సరం తేలిగ్గా నిలుస్తుంది. కింద చెప్పే పద్ధతంతా ఈ క్రమంలోనే నడుస్తుంది.

## 1. ముందుగా సిద్ధం చేసుకోవాల్సినవి

□ పాఠ్యపుస్తకం. గైడు ఇప్పుడే వద్దు. అందులో జవాబులుంటాయి గానీ జవాబుల మధ్య లంకె ఉండదు.

□ గీతల్లేని నోటుపుస్తకం ఒకటి.

□ అరచేతిలో పట్టే సైజులో కత్తిరించిన దళసరి కాగితం కార్డులు, పాఠానికి 20 నుంచి 25. అంతకు మించితే తిరగేయడానికి బద్ధకం వేస్తుంది, మొత్తం మూలపడతాయి.

□ నాలుగు ఎ4 కాగితాలు పక్కపక్కన అంటించిన పొడవాటి పట్టీ. కాలరేఖ గీయడానికి.

□ పాఠంలో వచ్చే దేశాల ఖాళీ పటాలు, ఒక్కోటి మూడు కాపీలు.

□ పెన్సిలు, నీలం పెన్ను, ఎర్ర పెన్ను. ఎరుపు తప్పులు దిద్దుకోవడానికి మాత్రమే.

□ గడియారం. ఫోన్లో టైమరు పెడితే ఫోను చేతికందని చోట ఉంచండి.

పది పదిహేను పేజీల పాఠానికి నాలుగు విడతలు కేటాయించండి. ఒక్కో విడత 40 నిమిషాలు. నాలుగూ ఒకే రోజున కూడదు. ఒకే సాయంత్రం రెండు గంటల నలభై నిమిషాలు ఏకబిగిన కూర్చుంటే ఆ రాత్రికి అంతా వచ్చినట్టే ఉంటుంది, వారం తిరిగేసరికి జారిపోతుంది.

## 2. చదవకముందు పది నిమిషాలు

నేరుగా మొదటి పేరాకు వెళ్లకండి. పాఠం చివరి ప్రశ్నలు ముందు చదవండి. జవాబులు తెలియకపోయినా ఫర్వాలేదు. ఏం వెతకాలో కళ్లకు తెలుస్తుంది.

తర్వాత ఉపశీర్షికలన్నీ వరసగా చూసి, ఒక్కోదాన్ని ప్రశ్నగా మార్చి పెన్సిలుతో పక్కన రాయండి. “పాత వ్యవస్థలో సంక్షోభం” అని ఉంటే “ఏ వ్యవస్థ? సంక్షోభం ఎందుకొచ్చింది?” అని. చివరగా పాఠం ఏ సంవత్సరంలో మొదలై ఏ సంవత్సరంలో ముగుస్తోందో చూసి, కాలరేఖ రెండు కొసల్లో ఆ రెండు అంకెలూ వేయండి. మధ్యలో ఇంకేమీ వద్దు.

## 3. మొదటి చదువులో పెన్ను పట్టుకోవద్దు

చేతిలో పెన్నుంటే ప్రతి వాక్యం ముఖ్యమైనదిగానే కనిపిస్తుంది. అందుకే మొదటిసారి కథలా చదువుకుంటూ పోండి. ఒక్కో ఉపశీర్షిక అయ్యాక పుస్తకం మూసి, ఆ భాగాన్ని రెండు వాక్యాల్లో పైకి చెప్పండి. చెప్పలేకపోతే ఆ భాగం మాత్రమే మళ్లీ చదవండి.

అర్థంకాని మాటల పక్కన పెన్సిలుతో చుక్క పెట్టండి. తెలిసిన మాటే వేరే అర్థంలో వస్తే మాత్రం అక్కడే ఆగి తేల్చుకోవాలి. ఫ్రెంచి విప్లవం పాఠంలో ‘ఎస్టేటు’ అంటే భూమి కాదు, సమాజంలో ఒక వర్గం. ‘డైరెక్టరీ’ అంటే పుస్తకం కాదు, 1795లో అధికారంలోకి వచ్చిన ఐదుగురు సభ్యుల పాలకమండలి. ఇలాంటి మాట ఒక్కటి తప్పుగా అర్థమైతే తర్వాతి రెండు పేజీలు బట్టీ పట్టడం తప్ప గత్యంతరం ఉండదు.

## 4. పాఠాన్ని ఎనిమిది, పది ఘట్టాలకు కుదించండి

రెండో విడతలో పెన్ను తీయండి. మొత్తం పాఠంలో ఏ ఘట్టాలు లేకపోతే కథ ఆగిపోతుందో అవి మాత్రమే ఎంచండి. ఫ్రెంచి విప్లవమైతే ఇలా వస్తుంది:

- ఎస్టేట్స్ జనరల్ (మూడు వర్గాల ప్రతినిధుల సభ) సమావేశం
- టెన్నిస్ కోర్టు ప్రతిజ్ఞ
- పారిస్‌లో జైలుగా వాడిన బాస్టిల్ కోట పతనం
- భూస్వామ్య హక్కుల రద్దు, మానవ హక్కుల ప్రకటన
- రాజు అధికారాన్ని కుదించిన రాజ్యాంగం
- ఆస్ట్రియాతో యుద్ధం
- రాచరికం రద్దు, గణతంత్రం
- 16వ లూయీకి మరణశిక్ష
- విప్లవ ప్రభుత్వ నాయకుడు రోబెస్పియర్ పతనం
- నెపోలియన్ చేతికి అధికారం

ఇందులో ఒక్క సంవత్సరం కూడా లేదు, కావాలనే. పది ఘట్టాలనూ పది చీటీల మీద రాసి, కలిపేసి, వరసలో పేర్చండి. తప్పుల్లేకుండా రెండుసార్లు పేర్చగలిగితే తర్వాతి మెట్టుకు వెళ్లండి. ఒకే రెండు చీటీలు మాటిమాటికీ తారుమారవుతుంటే వాటి మధ్య కారణం మీకింకా అందలేదని అర్థం. అది ఐదో మెట్టులో దొరుకుతుంది.

## 5. ‘అందుకని’ గొలుసు

ఈ మార్గదర్శిలో ఒక్క మెట్టే పాటించే ఓపిక ఉంటే ఇదే పాటించండి.

ఒక ఘట్టానికీ తర్వాతి ఘట్టానికీ మధ్య ‘అందుకని’ అన్న మాట పెట్టి వాక్యం కుదురుతుందేమో చూడాలి. 1789 మే నుంచి ఆగస్టు దాకా నాలుగు నెలలు తీసుకుందాం.

ఫ్రాన్సు ఖజానా ఖాళీ అయింది, కొత్త పన్నులు వేస్తే తప్ప గడవదు. *అందుకని* 1614 తర్వాత ఎన్నడూ పిలవని ఎస్టేట్స్ జనరల్‌ను రాజు పిలిచాడు. అక్కడ వర్గానికి ఒక ఓటు చొప్పున లెక్క. మతాధికారులు, ప్రభువులు ఏకమైతే మూడో వర్గం, అంటే మిగతా ప్రజలు, ఎప్పుడూ ఓడిపోతుంది. *అందుకని* మూడో వర్గం సభ్యుడికొక ఓటు కావాలని పట్టుబట్టింది. అది తేలలేదు. *అందుకని* జూన్ 17న తామే జాతీయ అసెంబ్లీ అని ప్రకటించుకున్నారు. జూన్ 20న వచ్చి చూస్తే సమావేశ మందిరానికి తాళం ఉంది. *అందుకని* పక్కనే ఉన్న టెన్నిస్ కోర్టులో చేరి, రాజ్యాంగం రాసేదాకా విడిపోబోమని ప్రతిజ్ఞ చేశారు. రాజు పారిస్ చుట్టూ సైన్యాన్ని దించాడు. *అందుకని* జనం ఆయుధాల కోసం, తుపాకి మందు కోసం వెతికారు. మందు నిల్వలు బాస్టిల్‌లో ఉన్నాయి. *అందుకని* జూలై 14న బాస్టిల్‌ను ముట్టడించారు. ఆ కబురు పల్లెలకు పాకి రైతులు ప్రభువుల కోటల మీద పడ్డారు. *అందుకని* ఆగస్టు 4 రాత్రి అసెంబ్లీ భూస్వామ్య హక్కుల రద్దుకు తీర్మానించింది.

బాస్టిల్‌ను ఖైదీలను విడిపించడానికే ముట్టడించారని చాలామంది రాస్తారు. అప్పటికి లోపల ఉన్నది ఏడుగురే. గొలుసు రాసుకున్నవాళ్లు ఈ పొరపాటు చేయరు. తుపాకి మందు లేకపోతే వాళ్ల గొలుసు అక్కడ తెగిపోతుంది కాబట్టి.

గొలుసు తెగిన చోటు మీకు మేలే చేస్తుంది, ఏది వదిలేశారో చూపిస్తుంది. 1791 రాజ్యాంగం రాజును ఉంచింది. 1792 సెప్టెంబరులో రాచరికమే పోయింది. ఈ రెంటి మధ్య ‘అందుకని’ పెట్టి చూడండి, కుదరదు. రాజ్యాంగం అమలుకు కాస్త ముందే, 1791 జూన్‌లో, రాజు పారిపోబోయి వారెన్ అనే ఊళ్లో పట్టుబడ్డాడు. ఆ తర్వాత 1792 ఏప్రిల్‌లో ఆస్ట్రియాతో యుద్ధం, ఆ యుద్ధంలో ఓటములు, ఆగస్టు 10న రాజభవనం మీద దాడి ఉన్నాయి. అవి చేర్చగానే గొలుసు కలుస్తుంది.

అన్నిచోట్లా ‘అందుకని’ పట్టదు. ఒకదానికొకటి కారణం కాని రెండు సంగతులు ఒకే సమయంలో జరిగితే ‘ఇంతలో’ అని రాయండి. బలవంతంగా కారణం అతికించడం కన్నా అది మేలు.

కారణాలను రెండు వరసలుగా విడదీసి పెట్టుకోండి: చాలాకాలంగా పేరుకున్నవి, అప్పటికప్పుడు నిప్పంటించినది. మొదటి ప్రపంచ యుద్ధానికి 1914 జూన్ 28న సరజెవోలో ఆస్ట్రియా యువరాజు హత్య తక్షణ కారణం. దేశాల కూటములు, ఆయుధ పోటీ, వలస రాజ్యాల కోసం పోటీ, బాల్కన్‌ల జాతీయవాదం దీర్ఘకాలిక కారణాలు. “యుద్ధానికి కారణాలు వివరించండి” అంటే హత్య ఒక్కటే రాసినవాళ్లకు పూర్తి మార్కులు రావు. కూటములు రాసి హత్య వదిలేసినవాళ్లకూ అంతే.

## 6. సంవత్సరాలు: ఎన్ని, ఎలా

పాఠానికి ఐదారు సంవత్సరాలు కచ్చితంగా రావాలి. మిగతావి వాటికి ముందో వెనకో అని తెలిస్తే చాలు. ఆ ఐదారింటినీ కాలరేఖ మీద ఎర్రగా రాయండి. దూరం కూడా కొలత ప్రకారం ఉండాలి. పదేళ్లకు 5 సెంటీమీటర్లు అనుకుంటే అన్నిచోట్లా అంతే. అప్పుడు 1789లో ఘట్టాలు కిక్కిరిసిపోయి, 1795 తర్వాత పలచబడటం కంటికే కనిపిస్తుంది. కిక్కిరిసిన సంవత్సరానికి వేరే పెద్ద పట్టీ గీసుకోండి.

జంటలు వెతకండి. విడి అంకె కన్నా జంట బాగా నిలుస్తుంది.

- ప్లాసీ యుద్ధం 1757, సిపాయిల తిరుగుబాటు 1857. సరిగ్గా వందేళ్లు.
- పానిపట్టు: 1526, 1556, 1761. మొదటి రెంటికీ 30 ఏళ్ల తేడా. మూడోది చాలా దూరం.
- సరజెవో హత్య 1914 జూన్ 28, వర్సెయిల్స్ సంధి మీద సంతకాలు 1919 జూన్ 28. అదే తేదీ, ఐదేళ్ల తర్వాత.
- 1930 జనవరి 26న పూర్ణ స్వరాజ్య దినం జరిపారు. 1950లో రాజ్యాంగం అమలుకు అదే తేదీని ఎంచడానికి కారణం అదే.
- శ్రీకృష్ణదేవరాయలు, ఇంగ్లండు రాజు 8వ హెన్రీ ఇద్దరూ 1509లోనే గద్దెనెక్కారు. రెండు పాఠాలకు ఒకే అంకె.

శతాబ్దం లెక్క. తళ్ళికోట యుద్ధం జరిగిన 1565 ఏ శతాబ్దం? 15వది అని రాసేవాళ్లు తరగతికి సగం మంది ఉంటారు. ముందున్న రెండంకెలకు ఒకటి కలపాలి: 16వ శతాబ్దం. చివర రెండు సున్నాలుంటే కలపకూడదు. 1600 సంవత్సరం 16వ శతాబ్దంలోని ఆఖరు ఏడాది.

క్రీస్తుపూర్వం లెక్క. అంకెలు తగ్గుతూ వస్తాయి. క్రీ.పూ. 3వ శతాబ్దం అంటే 300 నుంచి 201 వరకు. మధ్యలో సున్నా సంవత్సరం లేదు, క్రీ.పూ. 1 అయిపోగానే క్రీ.శ. 1. రోమ్ చక్రవర్తి అగస్టస్ క్రీ.పూ. 27 నుంచి క్రీ.శ. 14 దాకా పాలించాడు. 27, 14 కలిపితే 41. ఒకటి తీసేయాలి, 40 ఏళ్లు.

పంచాంగం తేడా. రష్యాలో అక్టోబరు విప్లవం నవంబరులో వచ్చిందేమిటని తికమక పడతారు. అప్పటి రష్యా పాత క్యాలెండర్ ప్రకారం 1917 అక్టోబరు 25, ఇప్పటి క్యాలెండర్లో నవంబరు 7. జవాబులో ఏదో ఒక పద్ధతినే చివరిదాకా పాటించండి.

## 7. కార్డులు రాసే తీరు

ఒక కార్డుకు ఒక్కటే ప్రశ్న. జవాబు రెండు పంక్తులు దాటితే దాన్ని రెండు కార్డులు చేయండి.

పనికిరాని కార్డు: “సహాయ నిరాకరణోద్యమం”. దీన్ని చూసి ఏం చెప్పాలి? ఎంత చెబితే సరిపోయినట్టు?

పనికొచ్చే కార్డులు:

- ముందు: “సహాయ నిరాకరణను 1922 ఫిబ్రవరిలో గాంధీజీ ఎందుకు ఆపేశారు?” వెనక: “చౌరీచౌరాలో జనం పోలీసు స్టేషన్‌కు నిప్పు పెట్టారు, 22 మంది పోలీసులు చనిపోయారు. ఉద్యమం అహింస దారి తప్పిందని.”
- ముందు: “జలియన్‌వాలాబాగ్ కాల్పులకు ముందు అదే ఏడాది వచ్చి, దేశమంతా నిరసన రేపిన చట్టం?” వెనక: “రౌలట్ చట్టం, 1919 మార్చి. కాల్పులు ఏప్రిల్ 13.”

కార్డుల్లో సగం ‘ఎందుకు’, ‘తర్వాత ఏమైంది’ అనేవి ఉండాలి. ‘ఎప్పుడు’, ‘ఎవరు’ మిగతా సగం. తిప్పి చూసేముందు జవాబు పైకి చెప్పడం తప్పనిసరి. మనసులో “ఆ, ఇది తెలుసులే” అనుకుని తిప్పేస్తే కార్డులు రాసిన శ్రమంతా దండగ.

కొన్న కార్డుల కన్నా, వేరేవాళ్లు రాసిచ్చిన వాటి కన్నా మీరు రాసుకున్నవే మేలు. ప్రశ్న తయారు చేయడంలోనే సగం చదువు అయిపోతుంది.

## 8. ఖాళీ కాగితం

మూడో విడత. పుస్తకం, నోట్సు, కార్డులు అన్నీ పక్క గదిలో పెట్టి, ఖాళీ కాగితం ముందు పెట్టుకుని 10 నిమిషాలు టైమరు పెట్టండి. పాఠంలో గుర్తున్నదంతా నీలం పెన్నుతో రాయండి. వాక్యాలు అక్కర్లేదు. పేర్లు, బాణాలు, గొలుసులు చాలు. ఆగిపోయినా కాగితం వదలొద్దు. అలా ఆగి గుర్తు తెచ్చుకునే ఇబ్బందిలోనే జ్ఞాపకం గట్టిపడుతుంది.

సమయం అయ్యాక పుస్తకం తెరిచి, వదిలేసినవి, తప్పు రాసినవి ఎర్ర పెన్నుతో చేర్చండి. తర్వాతి రోజు చదవాల్సింది ఆ ఎర్ర భాగమే. నీలంతో వచ్చింది మళ్లీ చదవడం హాయిగానే ఉంటుంది గానీ దానివల్ల కలిసొచ్చేది పెద్దగా ఉండదు.

మొదటిసారి కాగితం సగం కూడా నిండదు. కంగారు పడకండి, రెండు రోజులాగి మళ్లీ అదే పాఠానికి ఖాళీ కాగితం పెట్టండి. రెండింటినీ పక్కపక్కన పెట్టుకుంటే తేడా మీకే కనిపిస్తుంది.

## 9. తిరగేయాల్సిన రోజులు

పాఠం పూర్తయిన మర్నాడు, 3వ రోజు, 7వ రోజు, 15వ రోజు, 30వ రోజు. ప్రతిసారీ 10 నుంచి 15 నిమిషాలు చాలు. ఈ తేదీలను నోటుపుస్తకం మొదటి పేజీలో ఆరోజే రాసిపెట్టండి. రాయకపోతే ఎప్పుడో అప్పుడు చూద్దాంలే అనిపిస్తుంది.

కార్డులకు మూడు కవర్లు పెట్టుకోండి: రోజూ చూసేవి, మూడు రోజులకోసారి చూసేవి, వారానికోసారి చూసేవి. సరిగ్గా చెబితే కార్డు తర్వాతి కవరుకు పోతుంది. తప్పితే ఏ కవరులో ఉన్నా మొదటిదానికి తిరిగిరావాలి, మొహమాటం లేకుండా.

రెండు మూడు పాఠాలు అయ్యాక కార్డులు కలిపేయండి. ఒకే పాఠం కార్డులు వరసగా చూస్తే ముందు కార్డే తర్వాతిదానికి జవాబు అందించేస్తుంది. పరీక్షలో ఆ సాయం ఉండదు.

## 10. పటాలు, పేర్లు, ఒకేలా ఉండేవి

పటం మీద ఊరి పేరు చూసి గుర్తుపట్టడం సాధన కాదు. ఖాళీ పటంలో చుక్క పెట్టి, ఆ తర్వాత అసలు పటంతో పోల్చాలి. ప్రతి చుక్క పక్కన అక్కడేం జరిగిందో నాలుగు మాటలు రాయండి.

ఒకేలా ఉండేవాటిని విడివిడిగా చదివితే కలిసిపోతాయి. పక్కపక్కన పెట్టి తేడా రాయాలి:

- గాంధీజీ తొలి సత్యాగ్రహాలు: చంపారన్ 1917, బీహార్, నీలిమందు రైతులు. ఖేడా 1918, గుజరాత్, పంట నష్టం, శిస్తు. అహ్మదాబాద్ 1918, మిల్లు కార్మికులు.
- బార్డోలీ రెండుసార్లు వస్తుంది. 1922 ఫిబ్రవరిలో సహాయ నిరాకరణ ఆపాలని కాంగ్రెస్ కార్యవర్గం నిర్ణయించింది అక్కడే. 1928లో పటేల్ నాయకత్వంలో భూమిశిస్తు పెంపు మీద సత్యాగ్రహం జరిగిందీ అక్కడే.
- చౌరీచౌరాను బీహార్‌లో పెట్టేవాళ్లు ఎక్కువ. అది ఉత్తరప్రదేశ్‌లో గోరఖ్‌పూర్ దగ్గర ఉంది.
- బెంగాల్ విభజన 1905లో, రద్దు 1911లో. 1947 నాటి విభజన వేరు.

వ్యక్తులకు మూడు పంక్తులు: ఎవరు, ఏం కావాలనుకున్నారు, ఏం చేశారు. పుట్టిన తేదీ, తల్లిదండ్రుల పేర్లు ప్రశ్నల్లో అడగనిదే అనవసరం.

## 11. ఆధారం ఇచ్చి అడిగే ప్రశ్నలు

ఉత్తరమో, కార్టూనో, ప్రకటనో ఇస్తే జవాబు రాయకముందు నాలుగు సంగతులు పక్కన గిలకండి: ఎవరు చేశారు, ఎప్పుడు, ఎవరికోసం, ఏం ఆశించి. తర్వాత, అందులో చెప్పకుండా దాటేసింది ఏమిటో చూడండి. పక్షపాతం ఉందని తేల్చి అక్కడితో ఆపడం పెద్ద తప్పు. పక్షపాతమున్న ఉత్తరం కూడా రాసినవాడి ఆలోచనకు మంచి ఆధారమే.

## 12. జవాబు రాయడం

ముందు ప్రశ్నలోని క్రియ చూడండి. ‘పేర్కొనండి’ అంటే జాబితా. ‘వివరించండి’ అంటే జాబితాలోని ప్రతిదానికీ ఎలా, ఎందుకు అన్నది. ‘పోల్చండి’ అంటే ఒక్కో అంశం మీద రెండింటినీ పక్కపక్కన పెట్టడం. ముందు ఒకటి మొత్తం, తర్వాత రెండోది మొత్తం రాస్తే పోలిక దిద్దేవాళ్లు చేసుకోవాల్సి వస్తుంది. ‘ఏకీభవిస్తారా?’ అంటే అవుననో కాదనో మొదటి వాక్యంలోనే చెప్పి, రెండో వైపు వాదన కూడా ఒక పేరాలో ఇవ్వాలి.

సమయం లెక్క. 3 గంటలు, 100 మార్కుల పేపరు అనుకుందాం. చదవడానికి, చివర్లో సరిచూడటానికి 15 నిమిషాలు తీసేస్తే 165 మిగులుతాయి. మార్కుకు సుమారు ఒకటిన్నర నిమిషం. 8 మార్కుల జవాబుకు 12, 13 నిమిషాలు. అందులో మొదటి రెండు నిమిషాలు ముఖ్యాంశాలు మార్జిన్లో గీసుకోవడానికి.

పేరా కట్టుబాటు. ముందు మాట, ఆ మాటకు ఆధారం, ఆ ఆధారం వల్ల ఏమైందన్న ముగింపు. తేడా చూడండి.

బలహీనం: “వర్సెయిల్స్ సంధి జర్మనీకి చాలా అన్యాయం చేసింది. అందువల్ల ప్రజలకు బాగా కోపం వచ్చింది.”

బలమైనది: “వర్సెయిల్స్ సంధి జర్మనీని అవమానంతో పాటు ఆర్థిక భారంలోకి నెట్టింది. 231వ అధికరణం యుద్ధ బాధ్యతను జర్మనీ, దాని మిత్రదేశాల మీద మోపింది. సైన్యాన్ని లక్ష మందికి పరిమితం చేశారు. 1921లో నష్టపరిహారాన్ని 13,200 కోట్ల బంగారు మార్కులుగా నిర్ణయించారు. సంధిని రద్దు చేస్తామన్న నాయకుల మాటకు తర్వాతి ఏళ్లలో జనం చెవి ఒగ్గడానికి ఇదొక కారణం.”

రెండోదాంట్లో విశేషణాలు తక్కువ, వాస్తవాలు ఎక్కువ. చివరి వాక్యంలో ‘ఇదొక కారణం’ అనడం కూడా గమనించండి. ‘ఇదే కారణం’ అని ఉంటే 1929 ఆర్థిక మాంద్యం తర్వాతి నిరుద్యోగం సంగతేమిటని దిద్దేవాళ్లు అడుగుతారు.

సంవత్సరం గుర్తు రాకపోతే ఊహించి తప్పు అంకె వేయకండి. “చౌరీచౌరా ఘటన తర్వాత”, “1920ల మొదట్లో” అని రాయండి. తప్పు అంకె చుట్టూ ఎర్ర సున్నా పడుతుంది, దీనికి పడదు.

## 13. తరచూ జరిగే తప్పులు

పేజీ అంతా రంగు పూయడం. అన్నీ ముఖ్యమైతే ఏదీ ముఖ్యం కాదు. పేరాకు ఐదారు మాటలు మించి రంగు వేయకండి, అదీ రెండో చదువులోనే.

గైడు జవాబులు మక్కికిమక్కి కంఠస్థం చేయడం. ప్రశ్న కాస్త తిప్పి అడిగితే మొదటి వాక్యం అందదు, దాంతో మొత్తం పోతుంది. గైడును జవాబు రాశాక సరిచూసుకోవడానికి వాడండి.

అన్నిటికీ పొడి అక్షరాల గుర్తులు. పేర్ల మొదటి అక్షరాలతో మాట కట్టడం ఒకే స్థాయి జాబితాలకు పనికొస్తుంది. కారణాలకు పనికిరాదు, అక్షరం గుర్తుంటుంది, అది దేనికో గుర్తుండదు. పాఠానికి ఒకటి రెండు చాలు.

వీడియో చూసి చదివేశాననుకోవడం. చూడండి, మంచిదే. అయిపోగానే ఐదు నిమిషాలు ఖాళీ కాగితం పెట్టండి. పెట్టకపోతే అది కాలక్షేపమే.

తర్వాత జరిగింది ముందే తెలిసినట్టు రాయడం. 1914లో జనం దాన్ని మామూలుగా ‘మొదటి’ ప్రపంచ యుద్ధం అని పిలవలేదు. అప్పటివాళ్లకు అప్పటికేం తెలుసో దాన్నిబట్టే వాళ్ల నిర్ణయాలను వివరించాలి.

## 14. పరీక్షకు ముందు వారం

□ 7 నుంచి 5 రోజుల ముందు: రోజుకు రెండు మూడు పాఠాలకు ఖాళీ కాగితం. ఎర్రవి మాత్రమే చదవడం.

□ 4, 3 రోజుల ముందు: పాత ప్రశ్నపత్రం ఒకటి, గడియారం పెట్టుకుని పూర్తిగా. తర్వాత దిద్దుకోవడం.

□ 2 రోజుల ముందు: పటాలు, ఒకేలా ఉండే వాటి జాబితా, మొదటి కవరులో మిగిలిన కార్డులు.

□ ముందు రోజు: కాలరేఖ చూడకుండా ఒకసారి గీయడం. వేళకు నిద్ర. కొత్త పాఠం ముట్టుకోవద్దు.

□ పరీక్ష ఉదయం: ఎర్రగా రాసిన ఐదారు సంవత్సరాలు, పాఠానికొక నిమిషం. హాలు బయట “ఇది చదివావా, అది చదివావా” అని అడిగేవాళ్లకు కాస్త దూరంగా నిలబడండి.